పెళ్లికెళ్లి.. బొంబాయి చూసొద్దాం!

మెట్‌పల్లి చుట్టుపక్కల చాలా ఇళ్లకు ముంబయి, భివండీల్లో చుట్టాలుంటారు. సాంచాల పని వెతుక్కుంటూ వెళ్లి అక్కడే స్థిరపడినవాళ్లు. వాళ్లింట్లో పెళ్లంటే ఇక్కడివాళ్లకు బొంబాయి యాత్రే!

తలంబ్రాల మర్నాడు అందరూ గేట్‌వే ఆఫ్ ఇండియాకు బయల్దేరతారు. 1924లో ప్రారంభమైన ఆ కట్టడం దగ్గరే ఎలిఫెంటా గుహలకు పడవ ఎక్కాలి. సోమవారం మాత్రం గుహలకు సెలవు.

సాయంత్రం షాపింగ్‌కు లోయర్ పరేల్ వెళ్తే, అక్కడి పెద్ద మాల్ ఒకప్పటి ఫీనిక్స్ మిల్లు. 1982 సమ్మె తర్వాత నగరంలోని బట్టల మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వాటిలో చెమటోడ్చిన తెలుగువాళ్లెందరో! పిల్లలకు ఆ సంగతి చెప్పేవాళ్లే తగ్గిపోతున్నారు. అందుకే చూడాల్సిన చోట్లలో తాత పనిచేసిన మిల్లు వీధినీ చేర్చుకోండి. దారి చూపే పెద్దాయన పెళ్లిపందిట్లోనే ఉంటారు.