గింజల్లో పాలు

పిల్లలూ! పాలు ఎవరిస్తారని అడిగితే మీరు ఆవు, గేదె, మేక అని వరసగా చెబుతారు. "జొన్నకంకి కూడా ఇస్తుంది" అని ఎవరైనా అంటే పకపక నవ్వుతారు. కాని పల్నాటి రైతు నవ్వడు. "చేను పాలు పోసుకుంటున్నది" అనటం ఆయనకు అలవాటే. గింజ ముదరకముందు గోటితో నొక్కి చూడండి. తెల్లని పాలచుక్క బయటికి వస్తుంది.

ఈ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా ఈ పాల విషయంలోనే నేను ఒక తప్పు చేశాను. అది తప్పని తెలియటానికి నాకు 30 ఏళ్ళకు పైగా పట్టింది. ఆ కథే ఇప్పుడు చెబుతాను.

పోయిన సంక్రాంతి సెలవులకు మా మనుమరాలు హైదరాబాదునుంచి నరసరావుపేట వచ్చింది. పదేళ్ళ పిల్ల. దాని సంచీలో బట్టలతోపాటు రెండు అట్టడబ్బాలు ఉన్నాయి.

"ఇవేమిటే?" అన్నాను.

"ఓట్స్ పాలు, తాతయ్యా. నాకు మామూలు పాలు తాగితే కడుపునొప్పి. డాక్టరుగారు పాలు మానెయ్యమన్నారు," అన్నది.

"పాలు పడకపోవటమేమిటి, చోద్యం!" అనబోయి ఆగిపోయాను. సరిగ్గా ఆ మాటే నేను పూర్వం ఒకసారి అన్నాను. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన మాస్టర్ని. ఒక జనవరి 26నాడు పిల్లలందరికీ గ్లాసెడు పాలు పంచాము. ఏడో తరగతి కుర్రవాడొకడు తాగనన్నాడు. "మజ్జిగ తాగుతావా?" అని అడిగాను. "తాగుతానండి," అన్నాడు. "మజ్జిగ పడినవాడికి పాలెందుకు పడవు? ఇది వట్టి మొండితనం," అని గద్దించి, అందరి ఎదుటా దగ్గర నిలబడి తాగించాను. వాడు కళ్ళనీళ్ళతో తాగాడు. మర్నాడు బడికి రాలేదు. క్రమశిక్షణ నేర్పానని నేను సంతోషించాను కూడాను.

ఆ కుర్రవాడు ఇప్పుడు గురజాల దగ్గర ఒక ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్నాడు. "సంక్రాంతికి రాండి మాస్టారూ" అని ఏటా కబురు పెడతాడు. ఈసారి వెళదామనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నేనూ మనుమరాలూ బస్సెక్కాము. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనప్పటినుంచీ బస్టాండులో సందడి పెరిగింది. ఊరు దాటాక కోటప్పకొండ మూడు శిఖరాలూ చూపించాను. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీలు కనిపించాయి. ఇక అక్కడినుంచి ఎటు చూసినా నాపరాళ్ళే. ఇంటి గోడకు నాపరాయి, అరుగుకు నాపరాయి, దొడ్డి చుట్టూ నాపరాయి!

"తాతయ్యా, ఇక్కడ అన్నీ మిరపచేలూ, పత్తిచేలూనే ఉన్నాయి. జొన్న పండుతుందన్నావే?" అన్నది పిల్ల.

"పూర్వం ఎటు చూసినా జొన్నే, అమ్మాయ్!" అన్నాను. శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చినప్పుడు సన్నబియ్యపు అన్నం దొరక్క, అందరూ జొన్నకూడే తినటం చూచి విసుక్కున్నాడని చెప్పుకుంటారు. ఆ వేళాకోళపు చాటువులు ఆయన పేరిట ఈనాటికీ ప్రచారంలో ఉన్నాయి. ఇది వానమీద ఆధారపడిన రాతినేల. వరికి నీళ్ళెక్కడివి? తరవాత కృష్ణానదిమీద నాగార్జునసాగర్ కట్టారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ పారినచోటల్లా వరి వచ్చింది, పత్తీ మిరపా పెరిగాయి. జొన్నా, సజ్జా, రాగీ వెనక్కి తగ్గాయి.

మేము బస్సు దిగేసరికి మా శిష్యుడు ఎదురు వచ్చాడు. అతని తల వెంట్రుకలు కూడా నెరుస్తున్నాయి. ఇంటి దగ్గర వాళ్ళ అమ్మగారు అరుగుమీద కూచుని ఉన్నది. "రాండయ్యా, ఎన్నాళ్ళకు! ఈ పాప మనమరాలా? ఉండు తల్లీ, పాలు తెస్తా," అని లేచింది.

"మామ్మగారూ, నాకు పాలు పడవండీ," అన్నది పిల్ల భయపడుతూ.

ఆమె నవ్వింది. "మావాడికీ అంతే. చిన్నప్పటినుంచీ పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు. అందుకే మా ఇంట్లో రాగిపాలు. నీకూ అయ్యే ఇస్తాలే," అన్నది.

నేను తలెత్తి శిష్యుడివైపు చూశాను. "అయితే ఆనాడు..." అన్నాను. అతను తల వంచుకుని, "మూడు రోజులు మంచం దిగలేదండి మాస్టారూ. అయినా మీకు తెలియదు గదండీ," అన్నాడు. "నువ్వు చెప్పావు. నేనే వినలేదు. తప్పు నాది, నాయనా," అన్నాను. అతను నా చేతులు పట్టుకున్నాడు. అంతకన్న మరేం మాట్లాడుకోలేదు.

పిల్లలూ, మజ్జిగ పడేవాడికి పాలు ఎందుకు పడవో ఇప్పుడు చెబుతాను. పాలలో లాక్టోజు అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టటానికి మన చిన్నపేగులో లాక్టేజు అనే ఎంజైము తయారవుతుంది. పసిబిడ్డలకు ఇది పుష్కలంగా ఉంటుంది. పెద్దవుతున్నకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్ళను లెక్కిస్తే మూడింట రెండు వంతులమందికి ఇలా తగ్గినదే. అప్పుడు లాక్టోజు అరగకుండా పెద్దపేగులోకి పోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. అదే ఉబ్బరం, అదే నొప్పి. మరి పెరుగో? తోడు పెట్టినప్పుడు అందులోని సూక్ష్మజీవులు లాక్టోజులో కొంత తినేస్తాయి. మిగిలినదాన్ని అరిగించటానికి కూడా సాయపడతాయి. అందుచేత ఇటువంటివారిలో చాలామందికి పెరుగూ మజ్జిగా పడతాయి. మా కుర్రవాడు చెప్పింది అక్షరాలా నిజం! (పాలంటే ఒళ్ళు దద్దురెక్కటం, ఆయాసం రావటం వేరే జబ్బు. వారికి పెరుగు కూడా ముప్పే.)

ఇంతలో మామ్మగారు పొయ్యి వెలిగించింది. మనుమరాలు పక్కనే చేరింది. రాగిపాలు ఆమె చేసే పద్ధతి ఇది. రాగులు బాగా కడిగి ఒక రాత్రి నానబెడుతుంది. నీళ్ళు వంచేసి, తడిగుడ్డలో మూటకట్టి ఉంచుతుంది. ఒకటి రెండు రోజుల్లో సన్నని తెల్లని మొలకలు వస్తాయి. వాటిని నీళ్ళు చల్లుతూ రోట్లో మెత్తగా రుబ్బి, పల్చని గుడ్డలో వేసి పిండుతుంది. బూడిదరంగు కలిసిన తెల్లని పాలు దిగుతాయి. వాటిని సన్నసెగమీద కలియబెడుతూ కాచి, పొంగు వచ్చాక కాసేపు మరగనిచ్చి, బెల్లమూ ఏలకపొడీ వేస్తుంది.

"మొలకలు రాకుండా పిండితే కాదా, మామ్మగారూ?" అని అడిగింది పిల్ల.

"అట్టా చేస్తే కాచంగానే గట్టిపడి సంకటి అయిపోద్దమ్మా. మొలకెత్తిందే పల్చంగా నిలబడుద్ది. సెగ ఎక్కువ పెట్టినా చెడుద్ది," అన్నదామె.

ఆ రెండు మాటల్లో ఎంత సైన్సు ఉన్నదో చూడండి! గింజలో ఉన్నది ముఖ్యంగా పిండిపదార్థం. నీళ్ళలో కాగితే అది నీటిని పీల్చుకుని ఉబ్బి చిక్కపడుతుంది. గింజ మొలకెత్తేటప్పుడు పిల్లమొక్కకు ఆహారం కావాలి. అందుకని గింజ ఎమైలేజు అనే ఎంజైమును తయారు చేసి పిండిని చిన్న చిన్న చక్కెరలుగా కోస్తుంది. ఈ ఎంజైము 60, 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో చురుకుగా పనిచేస్తుంది. నీళ్ళు మరిగే వేడికి నశిస్తుంది. సన్నసెగ పెడితే దానికి పని చేసే వ్యవధి దొరుకుతుంది. పాలు పల్చగానూ, కాస్త తియ్యగానూ ఉంటాయి.

మనుమరాలు తన అట్టడబ్బా తెచ్చి, "మరి ఇవో?" అన్నది. అవీ అదే సూత్రంమీద నడుస్తాయి. ఓట్స్ చలిదేశాల ధాన్యం. మన పల్నాటి ఎండకు అది తగదు. ఓట్సులో కొవ్వు ఎక్కువ గనక ఊరికే ఉంచితే చేదెక్కుతుంది. అందుచేత ముందే ఆవిరిపట్టి వేడి చేస్తారు. ఆ వేడికి గింజలో సహజంగా ఉండే ఎంజైములు చచ్చిపోతాయి. కాబట్టి ఫ్యాక్టరీలో ఓట్సును నీళ్ళతో రుబ్బిన తరవాత ఎంజైములను బయటినుంచి కలుపుతారు. పిండి మాల్టోజు అనే చక్కెరగా మారుతుంది. తరవాత పిప్పి తీసేసి, కొంచెం నూనె, ఉప్పు, చాలా రకాల్లో కాల్షియమూ విటమినులూ చేర్చి, బాగా చిలికి, క్షణకాలం అతివేడి చేసి డబ్బాల్లో నింపుతారు. స్వీడన్ దేశంలో లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రికార్డ్ ఓస్టె అనే శాస్త్రవేత్త 1990 తరవాతి సంవత్సరాలలో ఈ పద్ధతి కనిపెట్టాడు. పాలలోని లాక్టోజు పడనివారి కోసమే ఆయన ఈ పని మొదలుపెట్టింది.

మన దేశమూ ఊరికే కూర్చోలేదు. మైసూరులో 1950లో ఏర్పడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయంవారు వేరుశనగ మాంసకృత్తులను గేదెపాలలో కలిపి "మిల్టోన్" అనే పానీయం తయారు చేశారు. పాలు చాలని రోజుల్లో పాలను పెంచే ఉపాయమది.

సరే, గింజల పాలు గేదెపాలకు సాటి వస్తాయా? లెక్క వేద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి 2017నాటి పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. 100 గ్రాముల ఆవుపాలలో ఉన్నది సుమారు 120. "అయితే రాగిదే గెలుపు!" అంటారేమో, తొందరపడకండి. ఒక గ్లాసు రాగిపాలకు పట్టే రాగులు సుమారు 25 గ్రాములే. అంటే 91 మిల్లీగ్రాములు. అందులోనూ కాల్షియం ఎక్కువగా ఉండేది పైపొట్టులో; అది పిప్పితో పోతుంది. 200 గ్రాముల ఆవుపాలలోనో 240 ఉంటుంది. మాంసకృత్తులు ఆవుపాల గ్లాసులో 6 గ్రాములకు పైన. రాగిపాలలోగాని, ఓట్స్ పాలలోగాని 2 గ్రాముల ప్రాంతం. బి12 విటమిను గింజల్లో ఉండనే ఉండదు. ఓట్సులో బీటాగ్లూకాన్ అనే జిగురు పీచు ఉన్నది. రోజుకు 3 గ్రాములు తింటే రక్తంలో కొలెస్టరాల్ తగ్గటానికి అది సాయపడుతుంది. కాని వడగట్టిన పాలలో దానిలో కొంతే మిగులుతుంది.

కాబట్టి గింజల పాలు మంచి పానీయమే గాని, పాలకు పూర్తి బదులు కావు. అవి తాగేవారు పప్పు, నువ్వులు, ఆకుకూరలు, పడితే పెరుగు కూడా తినాలి. డబ్బా పాలైతే కాల్షియం ఎంత కలిపారో, చక్కెర ఎంత ఉన్నదో చదివి కొనాలి. ఏడాది నిండని పసిబిడ్డలకు తల్లిపాల బదులు ఇవి ఎంతమాత్రం పట్టకూడదు. రాగి పిప్పి పారెయ్యకండి. మామ్మగారు కొంత రొట్టెల పిండిలో కలిపింది, మిగతాది గేదెకు పెట్టింది.

మనుమరాలికి మరో సందేహం వచ్చింది. "జొన్నలూ మొలకెత్తించి పాలు తియ్యవచ్చుగా?" మా శిష్యుడు వెంటనే, "వద్దు పాపా! లేత జొన్నపిలకల్లో విషముంటుంది. గొడ్లు మేస్తే చచ్చిపోతాయి. దాన్ని మేము నాము అంటాం," అన్నాడు. నిజమే, జొన్నమొలకలో సైనైడు పుట్టించే పదార్థం ఉంటుంది. ముదిరిన జొన్నలతో అన్నం, రొట్టె, అంబలి నిర్భయంగా చేసుకోండి గాని, మొలకలతో ప్రయోగాలు చెయ్యకండి.

అంత చెప్పాక అతను మమ్మల్ని చేనిగట్టుకు తీసుకుపోయాడు. మిరపచేను అంచున నాలుగు సాళ్ళు జొన్న వేశాడు. మనుమరాలు ఒక లేతగింజను నొక్కి, వేలిమీది తెల్లచుక్కను చూచి, "నిజంగానే పాలు!" అని గంతులు వేసింది.

సాయంత్రం మాచర్ల చేరాము. చెన్నకేశవస్వామి గుడిముందు నిలబడి పల్నాటి వీరుల కథ చెప్పాను. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడట. దానినే చాపకూడు అంటారు.

మనుమరాలు కాసేపు ఆలోచించి, "తాతయ్యా, ఆ చాపమీద నాలాగా పాలు పడనివాళ్ళు కూర్చుంటే?" అన్నది.

"వాళ్ళకు మజ్జిగో, రాగిపాలో పోస్తారు. చాపమీదినుంచి మాత్రం లేపరు," అన్నాను. ఆ జవాబు 30 ఏళ్ళ కిందట నాకు తట్టి ఉంటే ఎంత బాగుండేది!

పిల్లలూ, మీ బళ్ళోనూ ఏదో ఒకటి తిననని అనే స్నేహితుడు ఉంటాడు. వాణ్ణి ఎగతాళి చెయ్యకండి. "తింటే నీకేమవుతుంది?" అని ముందు అడగండి. ఈలోగా ఇంట్లో అమ్మను దగ్గర ఉంచుకుని ఈ ప్రయోగం చేసి చూడండి. చిక్కని రాగిజావ కాచి, రెండు గిన్నెల్లో సమంగా పొయ్యండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడే ఒకదానిలో చెంచాడు మొలకరాగుల పిండి వేసి కలపండి. రెండోదానిలో చెంచాడు మామూలు రాగిపిండి వెయ్యండి. పావుగంట ఆగి, గరిటెతో ఎత్తి పోసి చూడండి. ఏది పల్చబడిందో, ఎందుకు పల్చబడిందో మీ మాస్టారికి చెప్పండి. ఆ తరవాత దాన్ని మళ్ళీ బాగా మరిగించి, బెల్లం వేసుకుని తాగండి.