పుట్టినరోజు నాడు ఖాళీగా ఉన్న సీటు



పోయిన ఏడాది మా ఐదో తరగతి గోడకు ఒక బర్త్‌డే చార్ట్ అంటించాను. ఎవరి పుట్టినరోజు వస్తే వాళ్లు రంగు దుస్తుల్లో వచ్చి చాక్లెట్లు పంచేవారు. అందరం పాట పాడేవాళ్లం. జులైలో ఒక పాప సరిగ్గా తన పుట్టినరోజు నాడే బడికి రాలేదు. లీవ్ లెటర్‌లో కడుపునొప్పి అని ఉంది. మర్నాడు అన్నాల దగ్గర మెల్లగా చెప్పింది: "నొప్పేం లేదు మిస్. కొత్త డ్రెస్, చాక్లెట్లు అడిగితే అమ్మ బాధపడుతుందని అట్లా చెప్పాను."

ఆ చార్ట్ అంటించింది నేనే. ఆ రోజు పాఠం సరిగా చెప్పలేకపోయాను. (పాప, వాళ్లమ్మ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.)

నేను పనిచేసేది ఆత్మకూరులో, మా ఊరు ఉదయగిరి. ఆ వారం ఇంటికి వెళ్లినప్పుడు అమ్మతో ఈ సంగతి చెప్పాను. "నీ పుట్టినరోజుకు మేమేం కొన్నాం? తలంటి పోసి, సేమ్యా పాయసం చేసేదాన్ని. అవ్వ కాళ్లకు మొక్కేదానివి" అంది. నిజమే. నేను పుట్టిన రాత్రి కురిసిన వాన గురించి అవ్వ ఏటా చెప్పేది. నాకు ఏ కానుకా గుర్తులేదు, ఆ కథే గుర్తుంది.

అందుకే క్లాసులో పద్ధతి మార్చాను. ఇప్పుడు పుట్టినరోజు పిల్లలు యూనిఫామ్‌లోనే వస్తారు. తాము పుట్టిన రోజు కథ ఇంట్లో అడిగి తెలుసుకుని, తెలుగులోనో ఇంగ్లీషులోనో చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక మంచి మాట రాసిస్తారు. ఆ కాగితాలన్నీ పుస్తకంలా కుట్టి ఇంటికి పంపుతాను. ఆ పాప కథ కూడా విన్నాం. ఆసుపత్రి నుంచి తనను ఆర్టీసీ బస్సులో తెచ్చారట, కండక్టర్ ముందు సీటు ఇప్పించారట. క్లాసంతా చప్పట్లు!

మీ ఇంటి వేడుకలకూ కొన్ని ఆలోచనలు. అన్నప్రాసనకు మా ఉదయగిరి చెక్క స్పూను ఇవ్వండి. మన పనివాళ్లు చేత్తో చెక్కే ఈ స్పూన్లకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్షరాభ్యాసం నాడు బిడ్డ పలక మీద దిద్దిన మొదటి అక్షరాన్ని ఫొటో తీసి దాచండి. ఓణీల ఫంక్షన్‌కు అమ్మమ్మ పట్టుచీరతో లంగా కుట్టించండి. తాతయ్యకు 60 నిండితే, షష్టిపూర్తికి మనవళ్ల చేత ఉత్తరం రాయించండి.

ఘనంగా చేసుకునేవాళ్లను వద్దనను, ఎవరి సరదా వాళ్లది. కానీ క్లాసుకు రిటర్న్ గిఫ్టులు పంపేముందు, వచ్చే నెల పుట్టినరోజు ఉన్న మరో బిడ్డను ఒక్కసారి తలుచుకోండి.

ఈ రాత్రి మీ బిడ్డకు తను పుట్టిన రోజు కథ చెప్పండి. దాన్ని వినడానికి మా క్లాసు ఎదురుచూస్తుంది.