మా ఇంటి పన్నెండు నెలలు

మాది అనకాపల్లి జిల్లాలో కొండ మీది ఊరు. పోయిన ఏడాది మా ఇంట్లో ఇలా గడిచింది.

జనవరిలో పండక్కి పిల్లలు హాస్టలు నుంచి వచ్చారు. అందరం కొండచీపుర్లు కోశాం. ఫిబ్రవరిలో నాన్న చెరుకు నరకడానికి కిందికి దిగాడు. మార్చిలో చింతపండు దులిపాం. ఏప్రిల్, మే నెలల్లో ఇంటిల్లిపాదీ జీడితోటలోనే ఉన్నాం. పిక్కలు అమ్మిన డబ్బుతో షావుకారు అప్పు తీరింది, జూన్‌లో చెల్లికి పుస్తకాలు వచ్చాయి. జూలైలో చోడి నారు పోశాం. ఆగస్టు, సెప్టెంబరు గింజలు అడుగంటే నెలలు. వెదురు కొమ్ములు వండుకున్నాం. అమ్మకి జ్వరమొస్తే డోలీలో రోడ్డు దాకా మోశాం. అక్టోబరులో సామలు, నవంబరులో చోళ్లు ఇంటికొచ్చాయి.

డిసెంబరులో కొందరు వచ్చి, తోట ఉన్నది అటవీ భూమి, కాగితం ఏదీ అన్నారు. తాత నాటిన చెట్లు చూపించాం.

మా ఊరు షెడ్యూల్డు ప్రాంతం బయట ఉన్నా 2006 అటవీ హక్కుల చట్టం మాకూ వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉన్నామని చూపాలి. ఊరి పెద్దలు చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. ఇప్పుడు పక్కింటి ముసలమ్మ చెబుతోంది, చెల్లి నోటుపుస్తకంలో రాస్తోంది. మీ ఊళ్లలో కూడా పెద్దలుండగానే రాసి పెట్టండి.