సమాధుల తోటలో మా బావ

మొన్న మా బావను వెంటబెట్టుకుని హైదరాబాదు పోయిన ముచ్చట చెప్తాను, వినండి. జైనూరులో బస్సెక్కి ఉట్నూరు మీదుగా రాత్రంతా ప్రయాణం. తెల్లారి గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల తోట గేటు దాటి నాలుగడుగులు వేశామో లేదో, బావ ఆగిపోయాడు. "గీ చెట్లు చూసేందుకేనా ఇంత దూరం పట్కొచ్చినవ్?"

తప్పేముంది చెప్పండి? కిటికీ తీస్తే అడవి కనబడే ఊరు మాది. అడ్డదిడ్డంగా పెరిగిన టేకు చెట్లు చూసిన కంటికి, గీత గీసినట్టు నిలబెట్టిన మొక్కలు బడిపిల్లల ప్రార్థనలా కనబడతాయి మరి.

106 ఎకరాల చోటది. 2013లో మరమ్మతులు మొదలుపెట్టి, 2024 జూలైలో పూర్తిచేశారన్నారు. ఆగాఖాన్ ట్రస్టువాళ్లు గోడల మీది సిమెంటు గీకేసి, మళ్లీ పాత పద్ధతిలో డంగు సున్నం వేయించారు. వెనకటి మనుషులు చేసిన పనిని నిన్న మొన్నటి సిమెంటు చెడగొట్టిందన్నమాట! మా ఊరి పాత ఇళ్లకు సిమెంటు పూసేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

బావ మెత్తబడింది మాత్రం బడీ బావోలీ దగ్గర. 2013 వానలకు ఈ మెట్ల బావి గోడ ఒక పక్క కూలిపోయింది. దాన్ని మళ్లీ కట్టారు, నీళ్లు నిలిచాయి. 2022లో గోల్కొండ మెట్ల బావులకు యునెస్కో అవార్డు కూడా వచ్చింది. బావ అవార్డు మాట పట్టించుకోలేదు. మెట్టు మీద గొంతుక్కూర్చుని, వంగి నీళ్లకేసి చూస్తూ, "బాయి బాగైతే తోట అదే బాగైతది" అన్నాడు. నాకు తెలిసి ఆ తోట గురించి అంతకన్నా సరైన మాట ఎవరూ అనలేదు.

వచ్చేటప్పుడు బస్సులో ఒకటే ఆలోచన. ఇంత తోటలో కుతుబ్‌షాహీల ఆఖరి రాజు తానాషా సమాధి లేదు. 1687లో ఔరంగజేబు పట్టుకుపోయాడు, అటే పోయాడు, ఖుల్దాబాదులో పూడ్చారు. సొంత తోటలో ఆయనకు చోటు దక్కలేదు. ఎక్కడో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొరకు మాత్రం మా మండలంలోని మార్లవాయిలో దక్కింది. గోండుల మధ్య బతికిన మనిషి కదా! భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో పోతే అక్కడే సమాధి చేశారు. 1995లో ఆయన పోయాక, అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.

మీరెప్పుడైనా ఇటొస్తే కబురు చేయండి. మార్లవాయి నేను చూపిస్తా. చెట్లు చూసేందుకేనా వచ్చారని బావ అడిగితే మాత్రం, ఏమనుకోకండి.