అశోకా రోడ్ నుంచి సముద్రం ఒడ్డుకు

ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది పగలంతా ఏదో ఒక పని చేసుకొని, రాత్రి పూట పుస్తకం తెరిచేవారే అయి ఉంటారు. అందుకే మీతో పని గురించీ, పని మానుకోవడం గురించీ మాట్లాడాలని ఉంది. నేను ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, ముప్పై మూడేళ్ల తర్వాత 2015లో సెక్షన్ ఆఫీసరుగా పదవీ విరమణ చేశాను. ఆ తర్వాత ఏం చెయ్యాలనుకున్నానో, చివరికి ఏం చేశానో చెబుతాను. కథలో ఒక పరదేశం వస్తుంది, సముద్రం వస్తుంది. మొదలు మాత్రం ఒక రోడ్డు దగ్గర.

దాని పేరు అశోకా రోడ్. ఇండియా గేటు దగ్గర మొదలై గోల్ డాక్‌ఖానా దాకా వెళ్తుంది. దారి పొడుగునా నేరేడు చెట్లు. జూలైలో వానలు మొదలయ్యాయంటే కాలిబాటంతా ఊదారంగు మరకలే. ఒకడు చెట్టెక్కి కొమ్మ ఊపుతాడు, కింద నలుగురు దుప్పటి పరిచి పట్టుకుంటారు. ఆ రోడ్డులో ఒకటో నంబరు ఆంధ్రా భవన్. దానికి పొరుగునే హైదరాబాద్ హౌస్. నిజాం నవాబు కోసం లుట్యెన్స్ గీసిన నమూనా ప్రకారం కట్టిన ఆ భవనం 1928లో పూర్తయింది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం అక్కడ విదేశీ ప్రముఖులకు విందులిస్తుంది. ప్రధానులూ అధ్యక్షులూ అక్కడ తింటారు, మేము ఇక్కడ తింటాం. నన్నడిగితే మా భోజనమే మేలు.

ఆంధ్రా భవన్ క్యాంటీను సంగతి మీరు వినే ఉంటారు. వరసలో నిలబడి టోకెను తీసుకోవాలి. కంచం ముందు కూర్చున్నాక ఇక అడగడమే ఆలస్యం, వడ్డిస్తూనే ఉంటారు. పప్పు, పులుసు, పొడి, నెయ్యి, ఆవకాయ. ఆదివారం బిర్యానీ కోసం పంజాబీలూ బెంగాలీలూ కూడా వరస కడతారు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఈ భవన్ స్థలంలో ఎవరి వాటా ఎంతో తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2024 మార్చిలో కేంద్రం ఆ పంపకానికి ఆమోదం తెలిపింది. అన్నదమ్ముల మధ్య పెరటి గోడ తగాదా కూడా అంతేగదా అనుకున్నాం ఢిల్లీ తెలుగువాళ్లం.

భోజనం అందరికీ దొరుకుతుంది. గది అలా కాదు. శాసనసభ్యులకూ, అధికారులకూ, వారి ఉత్తరం పట్టుకొచ్చినవారికీ పోగా మిగిలితేగదా! ఊరి నుంచి వచ్చి గది దొరకనివాళ్లు రామకృష్ణాపురంలోని మా ప్రభుత్వ క్వార్టరుకు వచ్చేవారు. ధోల్‌పూర్ హౌస్‌లో సివిల్ సర్వీసుల ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రాళ్లు, ఎయిమ్స్‌లో చూపించుకోవడానికి వచ్చిన రోగులు, వాళ్లకు తోడు వచ్చినవారు, హరిద్వారం వెళ్తూ ఒక రాత్రి ఆగే ముసలివాళ్లు. రెండు గదుల ఇల్లు. ఒక్కోసారి ఎనిమిదిమంది పడుకున్న రోజులున్నాయి. వాళ్లను ఆంధ్రా భవన్‌కు తీసుకెళ్లి భోజనం పెట్టించేది నేను, ఇండియా గేటు చూపించేది నేను, రైలెక్కించేది నేను. “మీ ఆతిథ్యం మరిచిపోలేమండీ” అని ఉత్తరాలు వచ్చేవి. అవన్నీ నా పేరు మీదే వచ్చేవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పదవీ విరమణకు రెండేళ్ల ముందు మా కార్యాలయంలో ఒకాయన మారిషస్ చూసి వచ్చి ఫొటోలు చూపించాడు. నీలంగా, నిలకడగా ఉన్న సముద్రం. దూరంగా పగడపు దిబ్బ మీద విరుగుతున్న అలలు, ఒడ్డున సరుగుడు తోట. మా ఉత్తరాంధ్ర తీరం గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది. అక్కడ తెలుగువాళ్లున్నారని కూడా ఆయనే చెప్పాడు. 1834 నుంచి బ్రిటిష్‌వాళ్లు చెరకు తోటల్లో పని కోసం భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను అక్కడికి తరలించారు. కాకినాడకు దగ్గర్లో గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. ఇవాళ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి.

అంతే, నా మనసులో ఒక ఇల్లు లేచింది. నాలుగు గదులు, సముద్రం వైపు వసారా, పొద్దున్నే అతిథులకు పెసరట్టు. పింఛనులో నలభై శాతం దాకా అమ్ముకొని ఏకమొత్తంగా తీసుకోవచ్చు, గ్రాట్యుటీ ఉంది, భవిష్యనిధి ఉంది. పాత ఫైలు అట్ట వెనక లెక్క వేశాను. ఎన్నిసార్లు వేసినా మూడో ఏడు నుంచి లాభమే వచ్చేది.

మీరు ఇక్కడ కాసేపు ఆగండి. ఒక కాగితం తీసుకొని, నాలుగు గదుల సత్రంలో తెల్లారి లేచింది మొదలు రాత్రి దాకా ఎన్ని పనులుంటాయో రాయండి. ప్రతి పని పక్కన అది ఎవరు చేస్తారో కూడా రాయండి. నేను నా లెక్కలో ఈ రెండో వరస రాయలేదు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. డబ్బు పంపడం పెద్ద చిక్కు కాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2015 నుంచి ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపుకోవచ్చు. నా దగ్గర ఉన్నది ఆ హద్దు దరిదాపుల్లోకి కూడా రాదు. చిక్కు అవతలి ఒడ్డున ఉంది. మారిషస్‌లో యాభై దాటిన విదేశీ విశ్రాంత ఉద్యోగులకు నివాస అనుమతి ఇస్తారు. కానీ బయటి నుంచి క్రమం తప్పకుండా నిర్ణీత మొత్తం డాలర్లలో తెచ్చుకోవాలి. అది నా పింఛనుకు అందే మొత్తం కాదు. పైగా ఆ అనుమతి విశ్రాంతి తీసుకునేవాడికే. సత్రం నడపాలంటే పెట్టుబడిదారుడిగా వేరే అనుమతి కావాలి. అక్కడ తీరం వెంట 81 మీటర్ల మేర నేల ‘పా జియోమెట్రిక్’ పేరుతో ప్రభుత్వానిదే, కౌలుకు తీసుకోవాల్సిందే. విదేశీయులు ఆస్తి కొనడానికి 1975 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది. థాయిలాండ్ సంగతి విచారించాను. అక్కడా అంతే. విశ్రాంత వీసా మీద ఉన్నవాడు పని చెయ్యకూడదు, విదేశీయుడు నేల కొనకూడదు. విశ్రాంతి కావాలా, సత్రం కావాలా తేల్చుకోమని ఇన్ని దేశాల చట్టాలు అడుగుతుంటే నేను మాత్రం ఆ ప్రశ్న వేసుకోలేదు. ‘అన్నీ మేం చూసుకుంటాం’ అన్న ఒక ఏజెంటుకు ముందుగా కొంత సొమ్ము ఇచ్చాను కూడా. అది తిరిగి రాలేదు.

ఏది ఏమైనా కంటితో చూసి నిర్ణయించుకుందామని 2016 ఏప్రిల్‌లో మా ఆవిడతో కలిసి మూడు వారాలకు బయలుదేరాను. భారతీయ పర్యాటకులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. పడమటి తీరాన ఫ్లిక్ ఎన్ ఫ్లాక్ అనే చోట, అయిదు గదుల చిన్న అతిథి గృహంలో దిగాం. నడిపేది కోరంగీల సంతతికి చెందిన దంపతులు. ఇద్దరికీ అరవై దగ్గర. వాళ్లు ఇంట్లో మాట్లాడేది క్రియోల్. ఆవిడ తెలుగులో రామభజన పాటలు తప్పు లేకుండా పాడుతుంది, తెలుగులో ఉప్పు అడగలేదు. మా ఆవిడకు ఇంగ్లీషు రాదు. సినిమాల హిందీ పుణ్యమా అని ఇద్దరూ వంటింట్లో గంటల తరబడి మాట్లాడుకున్నారు. నేను వసారాలో కూర్చొని సముద్రం చూశాను.

మూడు రోజులు చూశాక ఇక చూడటానికి కొత్తగా ఏమీ లేకపోయింది. అప్పుడు సత్రం వైపు చూడటం మొదలుపెట్టాను. ఆవిడ నాలుగున్నరకు లేస్తుంది. దుప్పట్లు, తువాళ్లు ఉతుకుతుంది. ఉప్పుగాలికి అవి సాయంత్రానికి కూడా పూర్తిగా ఆరవు. తాళాలు, కిటికీ గొళ్లేలు తుప్పు పడుతూనే ఉంటాయి. ఆయన చేతిలో ఎప్పుడూ నూనె డబ్బా. అర్ధరాత్రి విమానం దిగేవాళ్ల కోసం ఒకరు మేలుకొని ఉండాలి. నీళ్లు వేడెక్కలేదని ఒకరు, పక్క గదిలో గోల అని ఒకరు. నవంబరు నుంచి తుఫానుల కాలం. హెచ్చరిక వచ్చిందంటే గదులు ఖాళీ, అప్పు వాయిదా మాత్రం కట్టాలి. “సముద్రంలో స్నానం చేసి ఎన్నాళ్లయింది?” అని అడిగాను ఆయన్ని. భార్య వైపు చూశాడు. ఇద్దరూ లెక్క పెట్టుకున్నారు. ఆరేళ్లో, ఏడేళ్లో.

ఏప్రిల్ 8 ఉగాది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆ దీవిలో అప్పుడు చలికాలానికి ముందు వచ్చే ఆకురాలు కాలం. ఉగాది వచ్చింది కానీ వసంతం లేదు. మామిడికాయ కాలం ఎప్పుడో వెళ్లిపోయింది. డబ్బాలో దాచిన ఎండు వేపపువ్వు, చింతపండు, బెల్లంతో పచ్చడి చేశారు. సెలవు రోజు కాబట్టి గదులన్నీ నిండాయి. గుడికి పొద్దున్నే వెళ్లాలని ఆవిడ కొత్త చీర తీసి పెట్టుకుంది. ఒక గదివాళ్లు ఖాళీ చేస్తుంటే ఇంకో గదివాళ్లు దిగుతున్నారు. చీర మంచం మీదే ఉంది. మధ్యాహ్నం మూడింటికి మా ఆవిడ చేతిలో చీపురు పట్టుకొని, “మీరు వెళ్లి రండి, మిగతా రెండు గదులు నేను చూస్తాను” అని ఆవిడను పంపించింది.

ఆ సాయంత్రం ఒడ్డున సరుగుడు చెట్ల కింద కూర్చున్నాం. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది:

“ఏమండీ, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకండి. ఢిల్లీలో ముప్పై ఏళ్లు మన ఇల్లు సత్రం కాదూ? ఆంధ్రా భవన్‌లో గది దొరకని ప్రతివాళ్లకూ పక్క వేసిందెవరు? పొద్దున్న ఇంటర్వ్యూ అంటే అయిదింటికి ఇడ్లీ పెట్టిందెవరు? మీకు అరవై నిండాయని ప్రభుత్వం దండ వేసి ఇంటికి పంపింది. నాకెవరు వేశారు? ఇక్కడికొస్తే మీరు వసారాలో కూర్చుంటారు. నేను మళ్లీ అదే వంటింట్లోకి, అదీ భాష రాని ఊళ్లో.”

నాకు కోపం రాలేదని చెప్పలేను. వచ్చింది. “నీకోసమే కదా ఇదంతా” అన్నాను. ఆ మాట నిజం కాదని నోట్లోంచి వస్తుండగానే తెలిసింది. నాకు వచ్చిన ఉత్తరాలన్నీ గుర్తొచ్చాయి. ఒక్క దాని మీదా ఆవిడ పేరు లేదు.

ఢిల్లీకి తిరిగొచ్చాం. ప్రభుత్వ క్వార్టరు ఎప్పుడో ఖాళీ చేశాం, మయూర్ విహార్‌లో అద్దెకుంటున్నాం. నాలుగు రోజులు నేను ముఖం మాడ్చుకొని తిరిగాను. అయిదో రోజు మా ఆవిడ ఒక షరతు పెట్టింది. “ఒక నెల నేను అతిథిని, మీరు సత్రం యజమాని. ఆ తర్వాత మాట్లాడుకుందాం.” నవ్వులాటగా మొదలైంది. రెండో వారానికి నవ్వు పోయింది. పప్పు మాడింది, దుప్పటికి రంగు అంటింది. ఆవిడ ఒక నోటుపుస్తకంలో అతిథి ఫిర్యాదులు రాసేది. ‘టీ నలభై నిమిషాలు ఆలస్యం. యజమాని దురుసుగా మాట్లాడాడు.’ ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. నెలాఖరుకు చారు కుదిరింది. పెసరట్టు పెనానికి అంటుకోకుండా లేవడానికి ఇంకో నెల పట్టింది.

మరో రెండేళ్లకు, 2018లో, భీమునిపట్నం వచ్చేశాం. అది మా ఆవిడ పుట్టిన ఊరు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఒలందుల కాలం నాటి సమాధులున్న ఊరు. ఇక్కడా ఒక దళారి అలల చప్పుడు వినిపించే స్థలం ఒకటి చూపించాడు. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచీ ఉన్నాయి, మధ్యలో మారాయి కూడా. పోటు గీత నుంచి ఎంత దూరంలో ఉందో కొలిపించి, అనుమతి చూపించమంటే అతను మళ్లీ కనిపించలేదు. మారిషస్‌లో పోయిన సొమ్ము అలా కొంత గిట్టుబాటయింది. ఒక పాత మేడ పైభాగం అద్దెకు తీసుకున్నాం. ఇంటి యజమాని ఒప్పుకోలు, పురపాలక కాగితాలు అన్నీ అయ్యాక రెండు గదులు అతిథులకు ఇస్తున్నాం. నాలుగు కాదు, రెండే. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లో ఫారం నింపి పంపాలి. ఆఫీసులో నేర్చిన చదువు అక్కడ మాత్రం పనికొచ్చింది. ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి రాయబార కార్యాలయం వెతుక్కునే బాధ లేదు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు చెల్లే దేశంలోనే ఉన్నాం.

లాభం పెద్దగా లేదు. 2020లో కరోనా వచ్చి చాలా నెలలు గదులు మూసేశాం. ఆ నష్టం ఇంకా పూర్తిగా పూడలేదు. అప్పు లేదు కాబట్టి నిలబడ్డాం. ఉతుకు నాది, పొద్దుటి ఫలహారం నాది. సాయంత్రపు వంట ఆవిడకు మనసైతే ఆవిడది, లేకపోతే అతిథులు బయట తింటారు. అయిదింటికి ఆవిడ చిన్ననాటి స్నేహితురాళ్లతో ఒడ్డుకు వెళ్లిపోతుంది. ఆ వేళ ఎవరైనా తలుపు తడితే తీయాల్సింది నేనే. సముద్రం ఇక్కడి నుంచి కనిపించదు. మేడ మీదికెక్కితే తాటిచెట్ల మధ్య ఒక గీతలా కనిపిస్తుంది.

పోయిన నెల ఒక అతిథి దిగాడు. పాతికేళ్ల కిందట ఇంటర్వ్యూకు వచ్చి మా క్వార్టరులో వారం రోజులున్న కుర్రాడు. ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. నన్ను చూసి సంతోషించి, “పిన్నిగారేరండీ?” అని అడిగాడు. సముద్రానికి వెళ్లిందన్నాను. వసారాలో కూర్చొని ఆవిడ వచ్చేదాకా ఎదురుచూశాడు.

ఈ రాత్రికి రెండు గదులూ నిండాయి. ఇక లేస్తాను, పెసలు నానబెట్టాలి.