కోతకు ముందు కసరత్తు

ఇంట్లో పెళ్ళి పెట్టుకుంటే నెల రోజుల ముందు నుంచే ఏర్పాట్లు మొదలుపెడతాం. పరీక్ష ఉందంటే పిల్లల్ని తెల్లవారుజామున లేపి చదివిస్తాం. ఆపరేషన్ అనేసరికి మాత్రం మనవాళ్ళు చేసే మొదటి పని మంచమెక్కడం. "ఎలాగూ కోస్తారు కదా, అందాకా కాలు కదపకు" అని చూడవచ్చిన ప్రతివారూ చెప్పిపోతారు. చెప్పేది అభిమానంతోనే. కాని తుంటి కీలు మార్పిడి చేయించుకోబోయేవారికి ఇంతకంటే నష్టం చేసే సలహా మరొకటి ఉండదని నా అనుభవం. ఆ అనుభవం మన పత్రిక చదివే కుటుంబాల్లో ఎవరికైనా ఉపయోగపడుతుందేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను బ్రహ్మపురంలో ఒక బ్యాంకు అధికారిని. 2024 నాటికి నాకు యాభై ఆరేళ్ళు. ఆ ఏడాది మొదట్లో కుడి గజ్జలో నొప్పి పట్టుకుంది. తుంటి జబ్బంటే నొప్పి పక్కకి వస్తుందనుకుంటాం గాని, చాలామందికి అది గజ్జలో మొదలై తొడ మీదుగా మోకాలిదాకా పాకుతుంది. బాసింపట్టు వేసుకోవడం కుదరలేదు. కాలిగోళ్ళు తీసుకోవడం కుదరలేదు. మేజోడు తొడుక్కోవడానికి మా ఆవిడ సాయం కావలసివచ్చింది. ఫిబ్రవరిలో ఎక్స్‌రే, ఎమ్మారై తీయించాం. తొడ ఎముక పైకొనకు రక్తం సరిగా అందక ఎముక చచ్చుబడి, గుండ్రంగా ఉండవలసిన భాగం నొక్కుకుపోయిందని తేలింది. స్టెరాయిడ్ మందులు, మితిమీరిన మద్యం, పాత దెబ్బలు ఇందుకు కారణం కావచ్చునట. కొందరిలో ఏ కారణమూ కనిపించదు. నేను ఆ కొందరిలో ఒకణ్ణి.

తొడ ఎముక పైకొన బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలో ఉన్న గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. ఆపరేషన్‌లో ఆ బంతిని తీసేసి కృత్రిమమైన బంతిని, గిన్నెను అమరుస్తారు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ అనే వైద్యుడు 1962లో లోహపు బంతి, గట్టి ప్లాస్టిక్ గిన్నెతో ఈ పద్ధతిని నిలబెట్టాడు. ఆ తరువాత ప్రపంచమంతటా లక్షలాది మంది దీనివల్ల మళ్ళీ నడిచారు.

మా ఊరి నుంచి విశాఖపట్నం రైలులో నాలుగైదు గంటల ప్రయాణం. మాకు అక్కడ బంధువులున్నారు కనుక ఆపరేషన్ అక్కడే చేయించుకోవాలనుకున్నాం. మార్చి 31 బ్యాంకు లెక్కల ముగింపు చూసుకుని ఏప్రిల్ మూడో వారంలో తేదీ ఇచ్చారు. మధ్యలో ఆరు వారాల గడువు. ఆ డాక్టరుగారు చీటీ మీద మందులకంటే ముందు వ్యాయామ చికిత్స అని రాశారు. "కీలు నేను మారుస్తాను. దాన్ని నడిపించే కండ మాత్రం మీరే తెచ్చుకోవాలి. అది కంపెనీవాళ్ళు అమ్మరు" అన్నారు.

అసలు కష్టం ఇంట్లో వచ్చింది. మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. ఆపరేషన్ మాట వినగానే అన్నం ముందునుంచి లేచిపోయింది. "ఒరే బాబూ, మీ నాన్న కూడా ఇదే తుంటితో మంచమెక్కి మరి దిగలేదురా" అని ఏడ్చింది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. 1996 వానాకాలంలో మా నాన్నగారు నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. అప్పట్లో పెద్దలు ఆపరేషన్ వద్దన్నారు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. నాలుగు నెలలు. మొదటి నెలలో ఆయన పేపరు చదివేవారు, కబుర్లు చెప్పేవారు. రెండో నెలకు నడుము కింద పుండ్లు పడ్డాయి. మూడో నెలకు కాళ్ళు కర్రపుల్లలయ్యాయి. ఆఖరికి ఊపిరితిత్తులకు నెమ్ము చేసి కార్తీకమాసంలో పోయారు. అరవై రెండేళ్ళు ఆయనకు. మా అమ్మ దృష్టిలో తుంటి అంటే మంచం, మంచం అంటే చావు.

తరువాత నేను డాక్టర్లను అడిగి తెలుసుకున్నది ఏమిటంటే, మా అమ్మ లెక్కలో సగం నిజం ఉంది. నాన్నగారిని తీసుకుపోయింది తుంటి ఎముక కాదు, మంచమే. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులపాటు మంచం మీదే ఉంచి చూశారు. ఆ పది రోజులకే వారి కాళ్ళలో దాదాపు కిలో కండ తరిగిపోయింది. ఏ జబ్బూ లేనివారి సంగతే ఇది. అంచేత మంచానికి భయపడేవారు చేయవలసిన పని ఆపరేషన్ మానుకోవడం కాదు, మంచం మీద ఉండే రోజులు తగ్గించుకోవడం. ఈ మాట అమ్మకు నాలుగైదుసార్లు చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు గాని ఏడుపు ఆపింది.

మా ఊళ్ళోనే వ్యాయామ చికిత్స చేసే ఒరియా అమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చేది. నన్ను "మౌసా" అని పిలిచేది. మొదటిరోజు గోడ పట్టుకుని కుడికాలి మీద నిలబడమంది. నిలబడితే ఎడమ పక్క నడుము కిందికి వాలిపోయింది. తుంటి పక్కనుండే కండ నీరసిస్తే ఇలా అవుతుందట. ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు 1895లోనే ఈ గుర్తును వివరించాడు. కుంటుతున్నానని తెలుసు గాని ఎందుకు కుంటుతున్నానో నాకు ఆనాడే తెలిసింది.

ఆవిడ రెండో పనిగా నా చేతికర్రను కుడిచేతిలోంచి తీసి ఎడమచేతికిచ్చింది. నొప్పి కాలు ఏవైపు ఉంటే కర్ర దానికి ఎదురువైపు చేతిలో ఉండాలి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు శరీరం వాలిపోకుండా తుంటి పక్క కండ గట్టిగా లాగాలి. ఆ లాగుడువల్ల కీలు మీద మన బరువుకు రెండున్నర, మూడు రెట్లు భారం పడుతుంది. కర్ర అవతలి చేతిలో ఉంటే ఆ కండకు పని తగ్గి, కీలుకు భారం తగ్గుతుంది. ఆ సాయంత్రమే వీధి చివరిదాకా కాస్త తేలిగ్గా నడిచాను.

వ్యాయామాలు చూడ్డానికి చాలా చిన్నవి. వెల్లకిలా పడుకుని పాదాలు పైకీ కిందికీ ఆడించడం. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలితో దాన్ని అదిమి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచడం. పిరుదుల కండలు బిగించి వదలడం. మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు మడవడం. కాలిని పరుపు మీదే పక్కకు జరిపి మళ్ళీ దగ్గరకు తేవడం. చేతుల కుర్చీలో కూర్చుని రెండు చేతులూ మోపి శరీరాన్ని కాస్త పైకి లేపడం. ఆపరేషన్ అయ్యాక వాకర్ మీద బరువు మోసేవి చేతులే కదా. ఒక్కొక్కటీ పదేసిసార్లు, పొద్దున, సాయంత్రం. మర్నాటికి నొప్పి బాగా పెరిగిందంటే లెక్క తగ్గించాలి. నొప్పిని లొంగదీయాలని పట్టుదలకు పోవడం ఇందులో పనికిరాదు.

మొదటివారం నేను లెక్క తప్పుతుంటే, ఒకరోజు అమ్మ చింతగింజల డబ్బా పట్టుకువచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుంది. ఒక్కొక్క గింజా ఇటునుంచి అటు పెడుతూ "ఏడు... ఎనిమిది... తొమ్మిదో గింజ ఇంకా నా చేతిలోనే ఉంది, కానీ!" అనేది. మర్నాటి నుంచి ఆవిడే ముందు లేచి కూర్చునేది. మార్చి నెలాఖరున బ్యాంకులో రాత్రి పది దాటిన రోజుల్లో కూడా వదిలిపెట్టలేదు. నాలుగోవారంలో గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడితే నడుము మునుపటంత వాలలేదు. అది ఆ అమ్మాయికంటే ముందు చూసింది అమ్మే. ఏమీ అనలేదు. గింజలు డబ్బాలో పోసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆపరేషన్ వద్దనే మాట ఆ తరువాత ఆవిడ నోట రాలేదు.

చివరి రెండు వారాలూ కండ పెంచడంకంటే అలవాటు చేసుకోవడం మీద గడిచాయి. వాకర్ ముందుగానే తెచ్చి నడవడం నేర్చుకున్నాను. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. ఇంట్లో మంచం ఎత్తు పెంచాం. కాలికి తగిలే చాపలు, పట్టాలు తీసేశాం. కమోడ్ మీద ఎత్తు పీట బిగించి, గోడకు పట్టుకునే కడ్డీ వేయించాం. చక్కెర అదుపులోకి తెచ్చుకోవడం, రక్తం తక్కువుంటే సరిచేసుకోవడం, పుచ్చిపళ్ళు చూపించుకోవడం, పొగతాగేవారు మానేయడం కూడా ఈ సన్నాహంలో భాగమే. ఊపిరి గట్టిగా పీల్చి వదిలే అభ్యాసం కూడా చేయించారు. అది చేసినప్పుడల్లా నాన్నగారి ఆఖరి రోజులు గుర్తుకొచ్చేవి.

విశాఖలో ఆపరేషన్ జరిగింది. మర్నాడు పొద్దున వాకర్ పట్టుకుని నిలబెట్టారు. పది అడుగులు వేశాను. తలతిరిగింది, చెమటలు పట్టాయి, కాని చేతులు వణకలేదు. రెండో రాత్రి నొప్పి చాలా బాధించింది, ఆ సంగతి దాచను. ఎంత కసరత్తు చేసినా కోత కోతే. ఐదోరోజుకు మెట్లు ఎక్కి దిగాను. ఎనిమిది వారాలకు కర్రతో బ్యాంకుకు వెళ్ళాను. ఆ కార్తీకంలో నాన్నగారి తద్దినం పీట మీద కాకుండా కుర్చీలో కూర్చుని పెట్టాను. నేల మీద కూర్చోవడం, గొంతుకు కూర్చోవడం నాకు వద్దన్నారు. అమ్మ ఏమంటుందోనని బెంగపడ్డాను. "నడిచి వచ్చి పెట్టావు, అదే చాలు" అంది.

ఇదంతా ముందు చేసిన వ్యాయామం మహిమేనా అంటే, అంత మాట అనను. దీనిమీద జరిగిన పరిశోధనలు చెప్పేది మితంగానే ఉంది. ముందు వ్యాయామం చేసినవారికి ఆపరేషన్ నాటికి బలం కొంత మెరుగ్గా ఉంటుంది, మొదటి వారాల్లో లేచి తిరగడం కొంత సులువవుతుంది. ఏడాది గడిచాక చేసినవారికీ చేయనివారికీ పెద్ద తేడా కనబడదట. కాని ఆ మొదటి వారాలే కదా మనల్ని భయపెట్టేవి! మా ఇంట్లో ఒక మనిషి పోయింది అటువంటి వారాల్లోనే. బ్యాంకులో ఉన్నవాడిని కనుక నా భాషలో చెబుతాను. ఆపరేషన్ పెద్ద ఖర్చు. ఆనాటికి ఖాతాలో కాస్త నిల్వ ఉంటే, కోలుకునేదాకా దానిమీద నెట్టుకురావచ్చు.

ఒక హెచ్చరిక. పడి ఎముక విరిగినవారికి ఈ గడువు ఉండదు. వారికి వీలైనంత త్వరగా ఆపరేషన్ జరగాలి. ముందుగా తేదీ కుదుర్చుకునే కీలు మార్పిడికే ఈ మాటలు. ఎవరికి ఏ వ్యాయామం తగునో, ఆపరేషన్ తరువాత ఎంతవరకు వంగవచ్చో, ఎలా కూర్చోవచ్చో వారి డాక్టరే చెప్పాలి. నన్ను చూసి ఎవరూ మొదలుపెట్టవద్దు. తేదీ ఇచ్చినప్పుడు సాధారణంగా మనం రెండే ప్రశ్నలు అడుగుతాం: ఎంతవుతుంది, ఎన్నాళ్ళు పడుకోవాలి. మూడోది కూడా అడగండి: "అందాకా నేనేం చేయాలి?"