యుద్ధవీరుడు – ధర్మవీరుడు

వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమని ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పాను. ఆ ఉత్సాహానికి ఉదాహరణగా ఈ మధ్య ఒక జర్మన్ వైమానికుడు మనసులో మెదలడం నాకే ఇబ్బందిగా తోచింది. అతని పేరు హాన్స్ ఉల్రిచ్ రూడెల్.

1916లో ఒక క్రైస్తవ మతబోధకుని ఇంట పుట్టాడు. రెండవ ప్రపంచయుద్ధంలో స్టూకా విమానాన్ని నిట్టనిలువునా దూకించి బాంబులు వేయడం అతని పని. 1941 సెప్టెంబరులో క్రోన్‌స్టాట్ రేవులో సోవియట్ యుద్ధనౌక మరాట్ అతని బాంబుకే మునిగిందని పేరు. 2,530 సార్లు దాడికి వెళ్లాడు. 519 ట్యాంకులు అతని ఖాతాలో వేశారు. 1944 మార్చిలో శత్రుభూమిపై చిక్కుకున్న సహచరులను కాపాడబోగా, తన విమానమే బురదలో కూరుకుపోయింది. నీస్టర్ నదిని ఈది తాను గట్టెక్కాడు. వెనుక కూర్చుని తుపాకి పేల్చే హెంట్షెల్ ఆ చల్లని నీటిలో మునిగిపోయాడు. 1945 ఫిబ్రవరిలో కుడికాలు కోల్పోయాడు. గాయం మానకముందే మళ్లీ ఎగిరాడు.

ఇంతవరకు చదివి పులకించిన మాట నిజం. తరువాతి కథ చదివి తల దించుకున్నాను. నాజీల ఘోరాలు లోకమంతటికీ తెలిసిన పిదప కూడా అతడు హిట్లరును విడువలేదు. అర్జెంటీనా చేరి, పరారైన నాజీలకు ఆసరాగా నిలిచాడు. 1982లో మరణించేదాకా అతని నమ్మకం మారలేదు.

ఆలంకారికులు యుద్ధవీరుణ్ణి, ధర్మవీరుణ్ణి వేరువేరుగా లెక్కించారు. పరీక్షల కోసం ఆ భేదాన్ని వల్లె వేయించానే గాని, ఎందుకు వేరుచేశారో పిల్లల్ని ఒక్కనాడూ ఆలోచించమనలేదు. మిత్రులారా, ఆ పాఠం నాకే ఇప్పుడు బోధపడింది.